నాకు ఐదో తరగతి చెప్పిన సారుకి నేను శిక్షణ ఇవ్వడమా?

ఈ వారం వచ్చిన ఉత్తరం పన్నెండు పేజీలు. ముఖ్యమైన సంగతులు తీసి ఇక్కడ పెడుతున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాసినావిడ కోరిక మీద వదిలేశాను.

ఆమె తిరుపతి జిల్లాలో, చంద్రగిరి వైపు ఒక పల్లెలో ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరు. డీఎస్సీ రాసి వచ్చి పదమూడేళ్ళయింది. బడిలో ఇద్దరే టీచర్లు. లెక్కలు బాగా చెబుతారని మండలంలో పేరుంది. వేసవి సెలవులు అయిపోగానే ఎం.ఇ.ఓ. (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: "మేడం, పరిసరాల విజ్ఞానానికి మిమ్మల్ని ఆర్పీగా వేశాం." ఆర్పీ అంటే తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్. తనకు ఆ సబ్జెక్టు మీద పెద్ద పట్టు లేదని చెప్పినా వినలేదు. జిల్లా స్థాయిలో ఐదు రోజులు శిక్షణకు వెళ్ళి, ఒక మాడ్యూలు, అరవై నాలుగు స్లైడ్ల పీపీటీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చారు.

జులైలో ఒక హైస్కూలు హాల్లో మూడు రోజుల స్పెల్, అంటే ఒక విడత శిక్షణ, జరిగింది. నలభై మంది టీచర్లు. సైన్సు భాగం ఈవిడది, సోషల్ భాగం ఇంకో సారుది. ఆ సారు "సోషల్‌లో చేయించడానికి ఏముంది మేడం, చదివిస్తే సరిపోతుంది" అంటూ మాడ్యూలు పైకి చదివేసి కూర్చున్నాడట. మొదటి రోజు హాజరు, టీలు, ఫొటోలు అయ్యేసరికి పదకొండు. స్లైడ్లు మొదలుపెట్టగానే వెనక వరసలు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ముందు వరసలో, రిటైర్మెంటుకి రెండేళ్ళున్న ఒక సారు కూర్చున్నారు. ఈవిడకు ఐదో తరగతి పాఠాలు చెప్పింది ఆయనే. "ఇదంతా అపెప్ కాలంలోనే చూసినాం లేమ్మా" అన్నారట, పాత ప్రాథమిక విద్యా పథకం పేరెత్తి. హాలంతా నవ్వింది.

రెండో రోజు కొవ్వొత్తి ప్రయోగం. పళ్ళెంలో రంగు నీళ్ళు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గాజు గ్లాసు. మంట ఆరింది, నీళ్ళు పైకి ఎక్కాయి. "ఆక్సిజన్ ఖర్చయింది కాబట్టి ఆ చోటులోకి నీళ్ళు వచ్చాయి, సుమారు ఐదో వంతు" అని ఈవిడ చెప్పారు. మొన్నటి డీఎస్సీలో వచ్చిన ఒక అమ్మాయి లేచి, "మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్ళు ఇంకా పైకి వస్తాయి మేడం. గ్లాసు అదే, అందులో గాలి అదే. ఆక్సిజన్ ఎలా ఎక్కువవుతుంది?" అని అడిగింది. ఈవిడకు జవాబు తెలియలేదు. "అది మన సిలబస్‌లో లేదు, కూర్చోమ్మా" అన్నారు. ఆ అమ్మాయి కూర్చుంది. మిగిలిన రోజున్నర తల ఎత్తలేదు.

ఆగస్టు మూడో వారంలో అదే నలభై మందికి రెండు రోజుల మలివిడత ఉంది. భర్త రేణిగుంటలో ఉద్యోగం చేస్తారు. "ఒంట్లో బాగాలేదని రాసిచ్చేయ్, నీకెందుకీ తలనొప్పి" అంటున్నారు. తను వెళ్ళిన రోజుల్లో ఐదు తరగతులూ ఒక్కరే చూసుకోవాలి కాబట్టి బడిలో తోటి టీచరు ముఖం ముడుచుకుంటోంది. ఎం.ఇ.ఓ. ఇంకెవరూ లేరంటున్నారు. "నేను మానుకోవాలా? మా సారు ముందు మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాలా? ఈ మూడూ ఒకటేనా, వేరువేరా అన్నదే నాకు అర్థం కావడం లేదు" అని రాశారు.

అమ్మా,

మూడూ వేరువేరు. మీరు వాటిని ఒకే మూటలో కట్టుకుని మోస్తున్నారు కాబట్టి అంత బరువు. ఆ అమ్మాయితో మొదలుపెడతాను. పన్నెండు పేజీల్లో మీ అక్షరాలు వణికింది అక్కడే.

ముందు కొవ్వొత్తి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఆ అమ్మాయి అడిగింది నూటికి నూరుపాళ్ళు సరైన ప్రశ్న. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక వంటగదిలో మీరే చేసి చూడండి. ఈసారి కళ్ళు నీళ్ళ మీద కాకుండా గ్లాసు అంచు మీద పెట్టండి. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తున్నప్పుడు అంచు కింద నుంచి ఒకటి రెండు బుడగలు బయటికి వస్తాయి. వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతోందన్నమాట. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్ళు పెద్దగా కదలవు. మంట ఆరిన తర్వాతే గబగబా ఎక్కుతాయి. లోపల మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మంట ఉన్నంతసేపూ నీళ్ళు నెమ్మదిగా ఎక్కుతూ ఉండాలి కదా? పైగా ఆక్సిజన్ ఖర్చయిన చోట కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పుడతాయి. ఆ ఆవిరి గ్లాసు గోడలకు చెమటలా పడుతుంది, దానివల్ల కొంత తేడా రావచ్చు గానీ అసలు పని వేడిదే. గ్లాసులో ఆక్సిజనంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది కూడా. మూడు కొవ్వొత్తులు పెడితే గాలి ఇంకా వేడెక్కుతుంది, ఎక్కువ గాలి బయటికి పోతుంది, చల్లబడినప్పుడు ఎక్కువ నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు అంతే.

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం అన్నది నిజం. ఆ నిజాన్ని ఈ ప్రయోగానికి ఎవరో ఎప్పుడో అతికించారు. "ఐదో వంతు" అన్న మాట వినడానికి అంత చక్కగా సరిపోవడంతో గైడ్లలోకి, టీచర్ల నోట్సుల్లోకి, అక్కడి నుంచి మన నోళ్ళలోకి వచ్చేసింది. మీరు కల్పించింది కాదు. మీకు ఎవరో అలా చెప్పారు, వాళ్ళకు ఇంకెవరో చెప్పారు.

నాకూ ఇలాంటిది జరిగింది. నేను ముప్పై ఏళ్ళు ఛాత్రోపాధ్యాయులకు పరిసరాల విజ్ఞానం బోధనా పద్ధతులు చెప్పాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వేసవి ఎందుకు వస్తుందో చెబుతూ "అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు "మరి అదే మే నెలలో ఆస్ట్రేలియాలో చలి ఎందుకు మేడం?" అన్నాడు. "అది వేరే ఖండం" అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. అదే ఘోరం, అందరూ నోట్సులో రాసుకున్నారు. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా, అంటే సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పటి కప్పుకునే రోజుల్లో. దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్ల దగ్గర ఉండేది జులై మొదట్లో. వేసవికి కారణం దూరం కాదు, భూమి ఇరుసు వంపు. ఈ సంగతి నాకు తెలిసేసరికి మూడు బ్యాచ్‌లు వెళ్ళిపోయాయి. వాళ్ళు ఎన్ని బడుల్లో, ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటారో ఇప్పటికీ లెక్క వేసుకుంటాను. ఆ కుర్రాడు మళ్ళీ నన్ను ఏమీ అడగలేదు. నాలుగో బ్యాచ్‌కి సరిచేసి చెప్పాను. అతనికి మాత్రం చెప్పలేకపోయాను, అప్పటికి అతనెక్కడ పోస్టింగులో ఉన్నాడో కూడా తెలియదు.

మీకు ఆ అవకాశం ఇంకా ఉంది. అదే నలభై మంది మళ్ళీ వస్తున్నారు.

ఎలా చెప్పాలన్నదానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫోన్ నంబరు తీసుకుని విడిగా మాట్లాడడం. "ఆ రోజు నీ ప్రశ్నకు నాకు జవాబు తెలియలేదు, కూర్చోమనడం నా తప్పు" అంటే ఆ అమ్మాయి మనసు తేలికపడుతుంది, మీది కూడా. కానీ హాల్లో మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ ఆ ఐదో వంతు అలాగే ఉండిపోతుంది. ఇంకో సంగతి కూడా వాళ్ళతో వెళ్ళిపోతుంది: ప్రశ్న అడిగితే కూర్చోబెడతారని. రెండో దారి, మలివిడత మొదటి గంటలోనే, స్లైడ్లు వేయకముందే, ఆ ప్రయోగాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టి, "పోయినసారి నేను చెప్పిన కారణం తప్పు. సరైన ప్రశ్న అడిగింది ఈ టీచరు. ఈరోజు ఆవిడే చేసి చూపిస్తారు" అనడం. ఇందులో నష్టం లేకపోలేదు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, వాట్సాప్ గ్రూపులో ఒకరిద్దరు రాస్తారు. ఆ అమ్మాయి కొత్తగా వచ్చింది, సిగ్గరి కూడా అయితే అందరి ముందు హఠాత్తుగా పిలవడం ఆమెకే ఇబ్బంది. కాబట్టి ముందు ఫోన్ చేసి అడగండి. సరేనంటేనే ముందుకు పిలవండి. వద్దంటే మీరే చేసి, ప్రశ్న ఎవరిదో చెప్పండి.

నేనైతే రెండో దారికే మొగ్గుతాను. అయితే హాల్లో నిలబడాల్సింది మీరు. ఎంత వరకు తట్టుకోగలరో మీకే తెలుసు.

ఇక సారు సంగతి.

ఆయన అన్న మాట మీకు ఎగతాళిగా వినిపించింది. హాలు నవ్వింది కాబట్టి అలా వినిపించడం సహజం. కానీ ఆ మాటలో నిజం ఉంది. అపెప్ అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. 1980ల్లో మొదలై 1990ల నడుమ దాకా బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచింది. మీ సారు ఉద్యోగంలో చేరిన తొలి రోజులు అవే అయి ఉంటాయి. ఆ పథకానికి ఆరు సూత్రాలుండేవి. పిల్లల కోసం కృత్యాలను టీచరే తయారుచేయడం, చేసి చూసి తెలుసుకోనివ్వడం, ఒంటరిగానూ జట్లుగానూ తరగతి మొత్తంగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోవడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడలకు పెట్టి తరగతి గదిని చక్కగా ఉంచుకోవడం. టీచర్లు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు కూడా ఉండేవి. మీ అరవై నాలుగు స్లైడ్లు ఒకసారి తిరగేసి చూడండి. ఈ ఆరింటికి బయట ఎన్ని ఉన్నాయో నాకు చెప్పండి.

ముప్పై ఏళ్ళలో ఆయన ఎన్ని శిక్షణల్లో కూర్చుని ఉంటారు! పేరు మారిన ప్రతిసారీ కొత్త ఫైలు, కొత్త బ్యాగు, అవే మాటలు. ఎవరూ ఆయన్ని "మీ బడిలో ఏం చేశారు సార్?" అని అడిగి ఉండరు. మనిషిలో అలాంటి విసుగు పేరుకుంటే అది ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది. ఆ రోజు ఎదురుగా మీరున్నారు. ఆయన అలా అనడం సరైందని నేను అనను. తన దగ్గర చదువుకున్న పిల్ల హాలు ముందు నిలబడి మాట్లాడుతుంటే ఒక మంచి మాట అనాల్సింది. అయినా నా మాట నమ్మండి, ఆ మాట మిమ్మల్ని ఉద్దేశించి అన్నది కాదు.

మీ ఉత్తరం ఏడో పేజీలో, వేరే ఏదో చెబుతూ, ఒక వాక్యం రాశారు. "మాకు స్వర్ణముఖి ఇసుకలో చెలమ తవ్వించి నీళ్ళు ఊరడం చూపించింది కూడా ఆ సారే." రాసి అలాగే దాటిపోయారు. నేను దాటలేకపోయాను. ఆ పేజీ పక్కన పెట్టుకుని ఆలోచించాను.

పరిసరాల విజ్ఞానం మీద మీకు పట్టు లేదన్నారు కదా. ఈ సబ్జెక్టు ఎలా పుట్టిందో కాస్త చెబుతాను. 1975 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక మూడు నుంచి ఐదు తరగతులకు దీన్ని రెండు భాగాలుగా పెట్టింది, ఒకటి సాంఘికం, ఒకటి సైన్సు. 2000లో వచ్చిన ప్రణాళిక రెంటినీ కలిపేయమంది. 2005 ప్రణాళిక కూడా ఆ మాటే చెప్పింది. దాని ఆధారంగా జాతీయ స్థాయి సిలబసును కుటుంబం–స్నేహితులు, ఆహారం, నీరు, ఇల్లు, ప్రయాణం, మనం తయారుచేసే వస్తువులు అనే ఆరు ఇతివృత్తాల చుట్టూ అల్లారు. ఎందుకంటే ఎనిమిదేళ్ళ పిల్లకు నీళ్ళ బిందెలో సైన్సు ఎక్కడ అయిపోయి సోషల్ ఎక్కడ మొదలవుతుందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కలిపి చెప్పమని పుస్తకం వచ్చి ఇన్నేళ్ళయినా మన శిక్షణల్లో మాత్రం ఆర్పీలు ఇద్దరు, ఒకరు సైన్సు, ఒకరు సోషల్. మీ హాల్లో జరిగింది కూడా అదే. ఒకరు ప్రయోగం చేశారు, ఒకరు చదివారు.

ఇప్పుడు ఆ చెలమ చూడండి. పిల్లలు ఎండిన ఏటిలో చేతులతో ఇసుక తోడతారు. మోచేతి లోతుకి తడి తగులుతుంది, ఇంకాస్త తవ్వితే అడుగున బురదనీళ్ళు ఊరతాయి, చేత్తో రెండుసార్లు తోడి పోస్తే తేటపడతాయి. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో నిలిచిన నీరు. ఎందుకు తేటగా ఉన్నాయి? ఇసుకే వడపోసింది. ఇది సైన్సు. మీ అవ్వ కాలంలో ఎంత లోతు తవ్వేవాళ్ళు? ఇప్పుడెంత తవ్వాలి? ఆ తేడా ఎందుకొచ్చింది, ఇసుక ఎటు పోయింది, బోర్లు ఎన్ని పడ్డాయి? చెలమ దగ్గర ముందు ఎవరు నీళ్ళు పట్టుకునేవాళ్ళు, ఎవరు దూరంగా నిలబడాల్సి వచ్చేది? ఊళ్ళో పెద్దలు ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పరు. ఆ జవాబుల తేడాలో చరిత్ర ఉంది. ఇప్పుడు కొళాయి నీళ్ళు ఎవరు ఇస్తున్నారు, పైపు పగిలితే ఎవరికి చెప్పాలి? ఇది పౌరశాస్త్రం. తిరుపతి పట్నానికి కల్యాణి డ్యాం నీళ్ళతో పాటు తెలుగుగంగ నీళ్ళు కూడా వస్తున్నాయి, అంటే ఎక్కడో శ్రీశైలం దగ్గరి కృష్ణ నీళ్ళు. పటం గోడకు తగిలించి వేలితో ఆ దారి గీయించండి, భూగోళం వచ్చేస్తుంది. ఒక్క గుంతలో ఇంత ఉంది. మీరు ఐదో తరగతిలోనే ఈ శిక్షణ పొందారు, గుర్తించలేదు, అంతే.

"సోషల్‌లో చేయించడానికి ఏముంది" అన్న మీ తోటి ఆర్పీతో వాదన పెట్టుకోకండి. ఒక్క పని అప్పజెప్పండి. హాల్లో ఉన్న నలభై మందినీ తమ తాత పుట్టిన ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో, అప్పుడు ఏ జిల్లాలో ఉండేదో ఒక చీటీ మీద రాయమనమనండి. 1911 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లా అన్నదే లేదు, అంతకుముందు ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేది. 1960లో తిరుత్తణి మన జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఊరు ఉన్నచోటనే ఉంది, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. చీటీలు బల్ల మీద పరిస్తే ఆ సారుకి మాట్లాడడానికి గంట కూడా చాలదు. పిల్లలైతే ఇంట్లోంచి పాత సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు తెచ్చి చూపిస్తారు. తేదీలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

మీ ఐదో తరగతి సారు దగ్గరికి వెళ్ళే ఆలోచన ఉంటే, మలివిడతకు ముందు ఒక ఆదివారం ఇంటికే వెళ్ళండి. శిక్షణ సంగతి ఎత్తకుండా చెలమ సంగతి ఎత్తండి. "సార్, ఆ రోజు మీరు మాతో ఎందుకు తవ్వించారు? ముందే అనుకున్నారా, అప్పటికప్పుడు తోచిందా?" అని అడగండి. నిజంగా తెలుసుకోవాలనే అడగండి. ఆ తర్వాత కుదిరితే, ఒక అరగంట ఆ పాఠం హాల్లో చెప్పమని కోరండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకుంటే ఆ అరగంట గంటన్నర కావచ్చు, పాతకాలం గొప్పల్లోకి వెళ్ళిపోవచ్చు. ఆయన్ని ముందు పెట్టి మీరు తప్పుకున్నారని ఎవరైనా అనవచ్చు కూడా. ఇవన్నీ ఆలోచించుకునే వెళ్ళండి. ఆయన రాకపోయినా, "ఈ కృత్యం నాకు ఐదో తరగతిలో ఈ సారు నేర్పింది" అని మీరు చెప్పి చేయిస్తే చాలు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడండి. "ఏ ముఖం పెట్టుకుని" అన్న మీ ప్రశ్నకు జవాబు నా దగ్గర కన్నా అక్కడే దొరుకుతుంది.

ఇక మానుకోవడం గురించి. మానుకోవడం తప్పేమీ కాదు. అయితే ఏ కారణంతో మానుకుంటున్నారో చూసుకోండి. ఒంట్లో బాగాలేదని అబద్ధం రాసివ్వడం నాకు నచ్చలేదు. రేపు నిజంగా బాగాలేనప్పుడు ఎవరూ నమ్మరు. పైగా అలా తప్పుకుంటే ఆ అమ్మాయి ప్రశ్న జన్మంతా మీ దగ్గరే ఉండిపోతుంది, నా కుర్రాడి ప్రశ్న నా దగ్గర ఉండిపోయినట్టు. ఇద్దరు టీచర్ల బడి అన్నది మాత్రం నిజమైన కారణం. అది దాచుకోవాల్సింది కాదు, కాగితం మీద పెట్టాల్సింది. ఆ రెండు రోజులూ సీఆర్పీనో (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), పక్క బడి టీచరునో సర్దుబాటు చేయాలని ఎం.ఇ.ఓ.కి రాతపూర్వకంగా అడగండి. చేస్తే మీ తోటి టీచరు ముఖం విప్పుతుంది. చేయకపోతే "మా బడిలో పిల్లలకు నష్టం, రాలేను" అని గట్టిగా చెప్పే హక్కు మీకు వస్తుంది. ఆ మాట మీద తప్పుకుంటే నేను మిమ్మల్ని తప్పుపట్టను.

మధ్యలో ఇంకో దారి ఉంది. ఈ మలివిడత పూర్తి చేసి, వచ్చే ఏడు మండల స్థాయి ఆర్పీగా వద్దని చెప్పి, మీ కాంప్లెక్సు (చుట్టుపక్కల కొన్ని బడుల జట్టు) సమావేశాల్లో నెలకో కృత్యం మాత్రం పెట్టడం. పదిహేను మంది, తెలిసిన ముఖాలు, మైకు ఉండదు. తప్పు మాట్లాడితే అక్కడికక్కడ సరిచేసుకోవచ్చు. నలభై మంది హాలు కన్నా టీచరు మారేది అలాంటి చోటే అని నా అనుభవం. కానీ అందులో గుర్తింపు తక్కువ, పైవాళ్ళ కంట పడదు, కొన్నాళ్ళకు మీకే ఉత్సాహం తగ్గవచ్చు.

మీవారి సంగతి ఎక్కువ చెప్పను. ఆయనకు మీ ఏడుపు కనబడింది, దాన్ని ఆపడానికి తోచిన ఉపాయం చెప్పారు. ఈ రాత్రి ప్రయోగం చేసేటప్పుడు ఆయన్నే గ్లాసు బోర్లించమనండి.

స్లైడ్లు పూర్తిగా మానేయమని నేను చెప్పలేను. రిపోర్టులో చూపించాలి కదా. అరవై నాలుగులో పది ఉంచుకోండి, మిగిలిన సమయం హాలు బయట గడపండి. బయట ఏం చేయాలని మీరు అడుగుతారు కాబట్టి ఒకటి చెబుతాను. మీ స్పెల్ ఆగస్టు మూడో వారంలో పడడం అదృష్టం. తిరుపతి చుట్టుపక్కల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, అప్పటికి బడులకు సెలవులు. ఆగస్టు పదిహేను దాటిన ఒకటి రెండు రోజుల్లో ఇంకోసారి. ఆ వారంలో హైస్కూలు జెండా కొయ్య నీడ మధ్యాహ్నం కొయ్య మొదట్లోకి ముడుచుకుపోతుంది. ఇరవై అడుగుల కొయ్యకు జానెడు నీడ కూడా ఉండదు. పదకొండున్నరకి ఒక జట్టును పంపి, ప్రతి పది నిమిషాలకీ నీడ కొనకు సుద్దతో గుర్తు పెట్టించండి. నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యేది పన్నెండుకి కాదు, పన్నెండుంబావు ప్రాంతంలో. ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి కూర్చోమనకండి. మన గడియారం కాకినాడ దగ్గరగా వెళ్ళే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం లెక్కన నడుస్తుంది. తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన దగ్గరికి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. మిగిలిన మూడు నాలుగు నిమిషాలకు భూమి సూర్యుడి చుట్టూ ఏడాది పొడవునా ఒకే వేగంతో తిరగకపోవడం, ఇరుసు వంపు కారణాలు. అది మీకు అర్థమైనంతవరకే చెప్పండి. అర్థం కాకపోతే "చదివి రేపు చెబుతాను" అనండి, రెండో రోజు మీ చేతిలోనే ఉంది. దేశమంతా ఒకే సమయం లేని రోజుల్లో రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవన్న సంగతి మీ సోషల్ సారుకి అందించండి, అక్కడి నుంచి ఆయన చూసుకుంటారు.

మబ్బు పట్టే నెల కాబట్టి రెండు రోజులూ ప్రయత్నించండి. భోజనాలు పన్నెండున్నరకి అని రాశారు, సమయం సరిపోతుంది.